పెళ్లిళ్ల కాలం వస్తోంది, ఛాతీలో మంట ఉన్నవాళ్లు ముందే జాగ్రత్తపడండి

ఉగాది దాటితే మా కడపలో పెళ్లి పిలుపులే పిలుపులు. రాత్రి పది దాటాక భోజనం, తెల్లవారుజామున ముహూర్తం, మధ్యలో కునుకు ఉండదు. పుల్లటి తేన్పులు, ఛాతీలో మంట ఉన్నవాళ్లకు ఇది గడ్డుకాలం.

మా పిన్ని "ఎండోస్కోపీ నార్మల్ అన్నారు, మాత్రలు మింగుతున్నా మంట తగ్గట్లేదు" అంటే ఆర్నెల్లు అనుమానమని తీసిపారేశాం. ఇప్పటికీ బాధనిపిస్తుంది. అది అనుమానం కాదు. కడుపులోని ఆమ్లం (యాసిడ్) పదేపదే పైకి తన్నితే అన్నవాహిక లోపలి పొరలో కణాల మధ్య సందులు పెరిగి, నరాల కొనలకు సెగ తగులుతుంది. కొందరిలో ఆ నరాలు ఎంత సున్నితమవుతాయంటే, మామూలుగా పైకొచ్చే కాస్త ఆమ్లానికే భగ్గుమంటుంది. మిరపకాయ ఘాటును, వేడిని, ఆమ్లాన్ని మూడింటినీ పసిగట్టే గ్రాహకం (రిసెప్టర్) నరాల్లో ఒకటుంది. దాన్ని గుర్తించిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఎర్రకారం దోశ తిన్న రోజు మంట ఎందుకు రేగుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

నిద్ర చాలకపోయినా, టెన్షన్ పెరిగినా ఈ నరాలు ఇంకా ఉలిక్కిపడతాయి. కాబట్టి తిండి జాగ్రత్తల కన్నా ముఖ్యంగా నిద్ర చాలేలా చూసుకోండి. మొహమాటపడకుండా మొదటి బంతిలోనే కూర్చోండి. తిన్నాక మూడు గంటలదాకా నడుం వాల్చొద్దు. మంచం తలవైపు కోళ్ల కింద ఆరంగుళాల ఎత్తు పెట్టి, ఎడమవైపు తిరిగి పడుకోండి. నడుం దగ్గర చీర, బెల్టు బిగించొద్దు. కూల్‌డ్రింకులు వద్దు.

ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి ఆమ్లం తగ్గించే మాత్రలు సాధారణంగా తిండికి అరగంట ముందు వేసుకోవాలి. చాలామంది పెళ్లిలో తిన్నాక గుర్తొచ్చి మింగుతారు, అప్పుడు సరిగా పనిచేయవు. మంట పెరిగిందని మోతాదు మీరే పెంచొద్దు. మాత్రలకు తగ్గకపోతే 24 గంటల పీహెచ్ పరీక్ష (అన్నవాహికలోకి ఆమ్లం ఎంత వస్తోందో కొలిచేది) అవసరమేమో డాక్టరును అడగండి. నరాలను శాంతపరచడానికి తక్కువ మోతాదులో డిప్రెషన్ మందు రాస్తే భయపడకండి, మీకు పిచ్చి అని కాదు.

ముద్ద దిగకపోయినా, బరువు తగ్గుతున్నా త్వరగా చూపించుకోండి. రక్తం వాంతి అయినా, మలం నల్లగా తారులా వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీ మీద బండ పెట్టినట్టు బరువు, చెమటలు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి వస్తే గ్యాస్ మాత్ర ఇచ్చి పడుకోబెట్టకండి. పెళ్లి పందిట్లో ఉన్నా సరే, అప్పటికప్పుడు 108కి ఫోన్ చేయండి.