షార్ట్‌కట్ నొక్కినా పని జరగట్లేదా? ఎక్కడ ఆగిందో కనిపెట్టండి

కీబోర్డ్ షార్ట్‌కట్‌లు ఒకసారి చేతికి అలవాటైతే ఇక మౌస్ వైపు చెయ్యి పోదు. అందుకే ఉన్నట్టుండి ఒక షార్ట్‌కట్ పనిచేయకపోతే పనంతా ఆగిపోయినట్టు ఉంటుంది. అవే కీలు ఇంకో రెండుసార్లు గట్టిగా నొక్కుతాం, రీస్టార్ట్ చేస్తాం, చివరికి కీబోర్డ్ పోయిందని తేల్చేస్తాం. నిజానికి కీబోర్డ్ పాడవడం అరుదు. చాలాసార్లు మనం నొక్కింది సరిగ్గానే వెళ్తుంది, కాకపోతే మనం అనుకున్న చోటికి కాకుండా ఇంకో ప్రోగ్రాముకి అందుతుంది.

నొక్కిన కీ కొన్ని అంచెలు దాటాలి. మొదట కీబోర్డ్, తర్వాత విండోస్, ఆపైన వెనకాల నడుస్తున్న ప్రోగ్రాములు, తర్వాత మన ముందున్న విండో, చివరికి ఆ విండోలో కర్సర్ ఉన్న చోటు. మధ్యలో ఎవరు పట్టేసుకున్నా అది ముందుకు వెళ్లదు. కాబట్టి సమస్య ఏదైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే: నేను నొక్కిన కీ ఎవరికి అందింది?

మొదట నోట్‌ప్యాడ్‌లో చూడండి

నోట్‌ప్యాడ్ తెరిచి నాలుగు అక్షరాలు కొట్టండి. కంట్రోల్+ఎ, కంట్రోల్+సి, కంట్రోల్+వి వరసగా నొక్కండి. అక్కడ పనిచేస్తే కీబోర్డూ విండోసూ బాగానే ఉన్నాయి, గొడవ మీరు వాడే ప్రోగ్రాములో ఉంది. అక్కడా పనిచేయకపోతే విండోస్+కంట్రోల్+ఓ నొక్కండి. తెర మీద కీబోర్డ్ బొమ్మ వస్తుంది. మీరు అసలు కీబోర్డ్ మీద ఏ కీ నొక్కితే బొమ్మలో ఆ కీ వెలుగుతుంది. వెలగకపోతే ఆ కీ విండోస్ దాకా రావట్లేదన్నమాట. ఎవరూ నొక్కకుండానే ఏదైనా కీ వెలిగి ఉంటే అది ఇరుక్కుపోయింది. ఈ రెండు పరీక్షలూ ఒక్క నిమిషం పని. ఇవి చేయకుండా సెట్టింగ్స్‌లో వెతకడం మొదలుపెట్టొద్దు.

"ఈ ఒక్క విండోలోనే ఏం నొక్కినా చలనం లేదు"

ఎక్కువమందికి ఎదురయ్యే ఇబ్బంది ఇదే. కంటికి ముందున్న విండో ఒకటి, కీలు అందుకుంటున్నది ఇంకొకటి. ఏదో నోటిఫికేషన్ మీద క్లిక్ పడి ఉంటుంది, లేదా రెండో మానిటర్‌లో ఉన్న విండో యాక్టివ్‌గా ఉండిపోయి ఉంటుంది. ఆల్ట్+ట్యాబ్‌తో మీకు కావలసిన విండోకి వచ్చి, లోపల ఒకసారి క్లిక్ చేసి మళ్లీ నొక్కండి. అయినా కదలకపోతే ఆ ప్రోగ్రామ్ ఏదో ఒక చిన్న డబ్బా తెరిచి మీ జవాబు కోసం చూస్తూ ఉండొచ్చు. అది పెద్ద విండో వెనక దాక్కుంటుంది. ఎస్కేప్ కీ నొక్కితే చాలాసార్లు విడిపోతుంది. ఎక్సెల్‌లో అయితే సెల్ లోపల టైప్ చేస్తున్న స్థితిలో ఉన్నంతసేపు సగం షార్ట్‌కట్‌లు పనిచేయవు. ఎంటర్ గానీ ఎస్కేప్ గానీ నొక్కి బయటికి రావాలి.

రిమోట్ డెస్క్‌టాప్‌లో ఇంకో కంప్యూటర్ మీద పనిచేసేవాళ్లు కంట్రోల్+ఆల్ట్+డిలీట్ నొక్కితే అది మీ ముందున్న కంప్యూటర్‌కే వస్తుంది. అవతలి దానికి పంపాలంటే డిలీట్ బదులు ఎండ్ కీ, అంటే కంట్రోల్+ఆల్ట్+ఎండ్. లైనక్స్‌లో ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్‌లో కంట్రోల్+సి అంటే కాపీ కాదు, నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపేయడం. అక్కడ కాపీకి కంట్రోల్+షిఫ్ట్+సి వాడాలి. సేవ్ అవుతుందిలే అని కంట్రోల్+ఎస్ నొక్కి తెర బిగుసుకుపోతే కంగారు పడొద్దు, కంట్రోల్+క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది.

"ఫైల్ పేరు మారుద్దామని ఎఫ్2 నొక్కితే సౌండ్ తగ్గుతోంది"

ల్యాప్‌టాప్‌లలో పై వరస కీలకు రెండేసి పనులు ఉంటాయి. చాలా కంపెనీలు సౌండ్, బ్రైట్‌నెస్ లాంటివాటికి మొదటి స్థానం ఇచ్చి ఎఫ్1, ఎఫ్2 లను రెండో స్థానంలోకి నెట్టేశాయి. కింది వరసలో Fn అని రాసి ఉండే ఎఫ్ఎన్ కీ పట్టుకుని ఎఫ్2 నొక్కితే పేరు మార్చే అవకాశం వస్తుంది. ఆల్ట్+ఎఫ్4 తో విండో మూయడం కుదరకపోయినా కారణం ఇదే. ప్రతిసారీ ఎఫ్ఎన్ పట్టుకోవడం విసుగనిపిస్తే ఎఫ్ఎన్+ఎస్కేప్ నొక్కి చూడండి, చాలా మోడళ్లలో అది తాళంలా పనిచేసి వరసని మార్చేస్తుంది. ఎస్కేప్ కీ మీద చిన్న తాళం బొమ్మ ఉందేమో గమనించండి. లేకపోతే విండోస్ మొదలయ్యేలోపే తెరుచుకునే బయోస్ సెట్టింగ్స్‌లో ఫంక్షన్ కీల ప్రవర్తన మార్చే చోటు ఉంటుంది.

"ఇంగ్లీష్‌లో పనిచేసే షార్ట్‌కట్ తెలుగు పెట్టగానే పట్టట్లేదు"

కొన్ని ప్రోగ్రాములు మీరు నొక్కిన కీ ఏదో చూస్తాయి, కొన్ని ఆ కీ నుంచి వచ్చిన అక్షరం ఏదో చూస్తాయి. మొదటి రకానికి భాష ఏదైనా ఒకటే. రెండో రకం మాత్రం ఇంగ్లీష్ అక్షరం కోసం ఎదురుచూస్తుంటే తెలుగు అక్షరం వచ్చేసరికి పట్టించుకోదు. ముఖ్యంగా వెబ్ పేజీల్లో ఒక్క అక్షరంతో పనిచేసే షార్ట్‌కట్‌లకు ఈ తిప్పలు వస్తాయి. విండోస్+స్పేస్ నొక్కి ఇంగ్లీష్‌కి వచ్చి మళ్లీ ప్రయత్నిస్తే సంగతి తేలిపోతుంది. జీమెయిల్‌లో అయితే ఒంటి అక్షరం షార్ట్‌కట్‌లు మొదట్లో ఆఫ్‌లోనే ఉంటాయి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి.

దీనికి అక్కచెల్లెలు లాంటి సమస్య ఇంకొకటి ఉంది: టైప్ చేస్తుండగా భాష దానంతటదే మారిపోవడం. అది దానంతటదే మారదు. ఎడమ ఆల్ట్+షిఫ్ట్ కలిపి నొక్కితే భాష మారేలా విండోస్‌లో ఏర్పాటు ఉంది. ఆల్ట్+షిఫ్ట్+ట్యాబ్ లాంటివి వాడేటప్పుడు వేలు ముందే లేస్తే భాష మారుతుంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, టైపింగ్, అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్, ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ వరకు వెళ్లి ఆ జతని తీసేయండి. భాష మార్చుకోవడానికి విండోస్+స్పేస్ ఎటూ ఉంటుంది. తెలుగు, ఇంగ్లీష్ కలిపి రోజంతా టైప్ చేసేవాళ్లకు ఈ ఒక్క మార్పుతో ఎంతో టెన్షన్ తగ్గుతుంది. అదే పేజీలో ఒక్కో విండోకి ఒక్కో భాష గుర్తుంచుకునే ఆప్షన్ కూడా ఉంది. ఒక విండోలో తెలుగు, ఇంకో దాంట్లో ఇంగ్లీష్ వస్తుంటే అది ఆన్‌లో ఉందన్నమాట.

"కంట్రోల్ ఎవరో పట్టుకునే ఉన్నట్టుంది"

మౌస్ చక్రం తిప్పితే పేజీ కదలకుండా అక్షరాలు పెద్దవవుతాయి. ఎస్ కొడితే సేవ్ డబ్బా వస్తుంది. ఒక ఫైల్ మీద క్లిక్ చేస్తే ముందు ఎంచుకున్నదీ అలాగే ఉంటుంది. ఇవన్నీ కంట్రోల్ కీ నొక్కి ఉందని విండోస్ అనుకుంటున్నప్పటి గుర్తులు. రిమోట్ విండో నుంచి బయటికి వచ్చాక ఇలా అవడం మామూలే. కీ వదిలిన సంగతి ఆ హడావుడిలో విండోస్‌కి చేరలేదు. రెండు వైపులా ఉన్న కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్ కీలను ఒక్కొక్కటిగా నొక్కి వదలండి. ఎక్కువసార్లు అంతటితో తీరుతుంది.

తీరకపోతే స్టికీ కీస్ ఆన్ అయిందేమో చూడండి. షిఫ్ట్ కీ వరసగా 5 సార్లు నొక్కితే దాన్ని ఆన్ చేయాలా అని అడుగుతుంది. చూసుకోకుండా ఎంటర్ కొట్టేస్తాం. ఇక కంట్రోల్ ఒకసారి తడితే తర్వాతి కీ దాకా పట్టుకునే ఉంటుంది. కుడివైపు షిఫ్ట్‌ని 8 సెకన్లు పట్టుకుంటే వచ్చేది ఫిల్టర్ కీస్. అది ఆన్ అయితే వేగంగా నొక్కిన కీలను విండోస్ లెక్కచేయదు, వేలు కాసేపు ఆనిస్తేనే అక్షరం పడుతుంది. చేతులు సరిగ్గా సహకరించనివాళ్లకు, ఒక్క చేత్తో పనిచేసేవాళ్లకు ఇవి చాలా అవసరమైనవి. కాబట్టి ఇంట్లో అలాంటివాళ్లు ఆ కంప్యూటర్ వాడుతుంటే అడక్కుండా తీసేయకండి. మీకు అక్కర్లేకపోతే సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, కీబోర్డ్‌లో రెండూ ఆఫ్ చేయడంతో పాటు, వాటిని పిలిచే షార్ట్‌కట్‌ని కూడా ఆఫ్ చేయండి. రెండోది మరిచిపోతే మళ్లీ మొదటికే వస్తుంది.

"నిన్న పనిచేసింది, ఇవాళ లేదు, రేపు మళ్లీ పనిచేస్తుంది"

అన్నింటికంటే విసిగించేది ఇదే. కారణం తెలిస్తే మాత్రం తేలికగానే పట్టుకోవచ్చు.

ఏ విండోలో ఉన్నా పనిచేసే షార్ట్‌కట్ కావాలంటే ప్రోగ్రామ్ దాన్ని ముందుగా విండోస్ దగ్గర నమోదు చేసుకోవాలి. ఒక జతని ఒకరికే ఇస్తారు. రెండో ప్రోగ్రామ్ వచ్చి అడిగితే విండోస్ కాదంటుంది. ఆ ప్రోగ్రామ్ మనకి చెప్పకుండా ఊరుకోవచ్చు. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఎవరు ముందు లేస్తే షార్ట్‌కట్ వాళ్లదే. ఆ వరస ప్రతిరోజూ ఒకేలా ఉండదు. అందుకే ఒకరోజు పనిచేసి ఇంకో రోజు పనిచేయదు. స్క్రీన్‌షాట్ తీసేవి, తెర రికార్డ్ చేసేవి, గ్రాఫిక్స్ కార్డ్‌తో వచ్చేవి, మీటింగ్ యాప్‌లు, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్లు ఇలాంటి జతల మీద కన్నేసి ఉంటాయి. ఉదాహరణకి ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డ్ సాఫ్ట్‌వేర్‌లోని ఓవర్‌లే (తెర మీద తేలే మెనూ) మామూలుగా ఆల్ట్+జెడ్‌ని తీసుకుంటుంది. విండోస్ 11 లో ప్రింట్ స్క్రీన్ కీ నొక్కితే విండోస్‌తోనే వచ్చే స్క్రీన్‌షాట్ యాప్ స్నిప్పింగ్ టూల్ తెరుచుకునే ఆప్షన్ ఉంది. అది ఆన్‌లో ఉండగా మీ సొంత స్క్రీన్‌షాట్ యాప్‌కి ఆ కీ దక్కకపోతే ఆశ్చర్యం లేదు. యాక్సెసిబిలిటీలోని కీబోర్డ్ పేజీలోనే దాన్ని ఆపొచ్చు.

దొంగ ఎవరో తెలియకపోతే గడియారం పక్కన ఉన్న చిన్న బాణం నొక్కి, అక్కడున్న ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా మూసేయండి. మూసిన ప్రతిసారీ షార్ట్‌కట్ నొక్కి చూడండి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: దొంగ దొరికాక మీకు కావలసిన ప్రోగ్రామ్‌ని కూడా మూసి తెరవాలి. తెరిచినప్పుడే అది మళ్లీ నమోదు కోసం అడుగుతుంది. ఇలా కూడా దొరక్కపోతే కంట్రోల్+షిఫ్ట్+ఎస్కేప్‌తో టాస్క్ మేనేజర్ తెరిచి, స్టార్టప్ యాప్స్‌లో సగం ఆపి రీస్టార్ట్ చేయండి. సమస్య పోతే దొంగ ఆ సగంలో ఉన్నట్టు, పోకపోతే మిగతా సగంలో. మళ్లీ సగం చేసుకుంటూ పోతే నాలుగైదు రీస్టార్ట్‌లలో దొరుకుతుంది. తర్వాత ఏదో ఒక ప్రోగ్రామ్‌లో షార్ట్‌కట్ మార్చేయండి. ఎక్కువ వాడేదానికి సులువైన జత ఉంచి, రెండోదానికి కంట్రోల్+ఆల్ట్+షిఫ్ట్ కలిసిన జత పెడితే మళ్లీ తగువు వచ్చే అవకాశం తక్కువ.

మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ లాంటివాటితో కీలు మార్చుకున్నవాళ్లకు ఇంకో సంగతి. ముందున్న విండో అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడుస్తుంటే ఆ మార్పులు దానికి వర్తించవు. పవర్‌టాయ్స్‌ని కూడా అవే హక్కులతో నడపాలి.

"పేస్ట్ చేస్తే రంగులూ సైజులూ అన్నీ వచ్చి పడుతున్నాయి"

కాపీ చేసినప్పుడు అక్షరాలతో పాటు వాటి అలంకారం కూడా వస్తుంది. క్రోమ్, ఎడ్జ్, గూగుల్ డాక్స్, కొత్త వర్డ్‌లలో కంట్రోల్+షిఫ్ట్+వి నొక్కితే ఉత్త అక్షరాలే పడతాయి. ఆ సౌకర్యం లేని చోట నోట్‌ప్యాడ్‌లో వేసి అక్కడి నుంచి కాపీ చేయడమే దారి.

పాతది పోయి కొత్తది పేస్ట్ అవుతోందంటే మధ్యలో ఇంకేదో కాపీ చేశారన్నమాట. విండోస్+వి నొక్కండి. 2018 అక్టోబర్ అప్‌డేట్ నుంచి విండోస్ 10 లో ఉన్న సదుపాయం ఇది. ఒకసారి ఆన్ చేస్తే ఆ తర్వాత కాపీ చేసినవి 25 దాకా దాచిపెడుతుంది. కావలసినదాన్ని ఎంచుకోవచ్చు. ఆన్ చేయకముందు కాపీ చేసినవి దొరకవు. పాస్‌వర్డ్‌లు కాపీ చేస్తే అవీ అందులో కూర్చుంటాయి, పని అయ్యాక చెరిపేయండి.

చిన్న చిక్కులు

ఎక్సెల్‌లో బాణం కీ నొక్కితే సెల్ మారకుండా షీటంతా జరుగుతుంటే స్క్రోల్ లాక్ పడింది. ల్యాప్‌టాప్‌లో ఆ కీ లేకపోతే ముందు చెప్పిన తెర కీబోర్డ్‌లో దాన్ని క్లిక్ చేయండి. కొత్త అక్షరం కొట్టగానే పక్క అక్షరం మాయమవుతుంటే ఇన్సర్ట్ కీ ఒకసారి నొక్కండి. బ్రౌజర్‌లో ఎక్కడ పడితే అక్కడ కర్సర్ మినుకుతుంటే ఎఫ్7 పడింది, మళ్లీ నొక్కితే పోతుంది. పొరపాటున ట్యాబ్ మూసేస్తే కంట్రోల్+షిఫ్ట్+టి, పేజీ సైజు చెడిపోతే కంట్రోల్+సున్నా.

మూడు కీల జత మాత్రమే పట్టకపోతే, అదీ ఆ కీబోర్డ్‌లోనే అయితే, అది తయారీలోని పరిమితి. తక్కువ ఖర్చుతో చేసే కీబోర్డ్‌లలో కొన్ని కీలు ఒకే తీగని పంచుకుంటాయి. వాటిని కలిపి నొక్కితే మూడోది అందదు. ఎడమ కంట్రోల్ బదులు కుడి కంట్రోల్ వాడి చూడండి, తీగ మారితే పనిచేయొచ్చు.

"షార్ట్‌కట్‌లు చాలా తెలుసు, పని మాత్రం వేగంగా సాగట్లేదు"

ఇది కంప్యూటర్ లోపం కాకపోయినా ఇదీ సమస్యే. జాబితా బట్టీ పట్టినవాళ్లకు వచ్చే సమస్య. గుర్తుంది గానీ చేతికి రాలేదు. ఒక పూట పనిచేస్తూ మీ చెయ్యి మౌస్ మీదికి ఎందుకు వెళ్తోందో గమనించండి. ఎక్కువసార్లు వెళ్లే ఒక్క పనికే షార్ట్‌కట్ నేర్చుకుని, అది అలవాటయ్యేదాకా ఇంకోటి ముట్టుకోకండి.

ఆల్ట్ షార్ట్‌కట్‌లు పట్టట్లేదని వదిలేసినవాళ్లు ఎక్సెల్‌లో ఒకసారి ఇది చేసి చూడండి. సూత్రాలు (ఫార్ములాలు) ఉన్న సెల్స్‌ని కంట్రోల్+సి తో కాపీ చేసి వేరే చోటికి వెళ్లండి. ఆల్ట్ నొక్కి వదిలేయండి. పట్టుకుని ఉండక్కర్లేదు, చాలామంది తడబడేది ఇక్కడే. పైన మెనూల మీద చిన్న అక్షరాలు కనబడతాయి. హెచ్ కొడితే హోమ్‌లోకి వెళ్తుంది, వి కొడితే పేస్ట్ జాబితా తెరుచుకుంటుంది, మళ్లీ వి కొడితే సూత్రాలు రాకుండా అంకెలు మాత్రమే పడతాయి. ఒక్కో అక్షరం విడివిడిగా కొట్టాలి. తర్వాత ఏది కొట్టాలో తెర మీదే కనబడుతుంది కాబట్టి గుర్తుపెట్టుకోకపోయినా ఫర్వాలేదు. కాపీ చేసిన సెల్స్ చుట్టూ కదిలే గీతలు ఇంకా ఉంటే ఎస్కేప్ నొక్కండి.