తాడోబా సఫారీ: జిప్సీ ఎక్కాక ఎలా ఉండాలి

జిప్సీ (పైకప్పు లేని సఫారీ జీపు) పులికి మరీ దగ్గరికి పోయిందంటే స్టీరింగ్ డ్రైవర్ చేతిలోనే ఉన్నా, "భయ్యా, థోడా ఆగే" (ఇంకాస్త ముందుకి) అన్నది మాత్రం వెనక సీట్లో కూర్చున్న మనమే అయ్యుంటాం. సఫారీ మర్యాదలో సగం డ్రైవర్‌ని ఏం అడక్కూడదో తెలియడమే. కాగజ్‌నగర్ వైపు వచ్చే పులులకు పుట్టిల్లు మహారాష్ట్రలో తాడోబా ఉన్న ఈ చంద్రపూర్ అడవులే కాబట్టి, మనవాళ్లకి ఈ సంగతి ఇంకొంచెం ఎక్కువ పట్టాలి.

ముందుగా బయల్దేరేటప్పటి పనులు. మంగళవారం సఫారీ ఉండదు, జూలై నుంచి సెప్టెంబరు దాకా కోర్ (అడవి లోపలి ముఖ్య భాగం) మూసేస్తారు. మోహర్లీ, కోలారా, నవేగావ్ గేట్లు వేర్వేరు చోట్ల ఉన్నాయి. టికెట్‌లో రాసిన గేటుకే, బుకింగ్‌లో ఇచ్చిన ఒరిజినల్ ఐడీతో, అరగంట ముందు చేరండి. కోర్‌లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, రూములోనే వదిలేయండి. సుమారు నాలుగు గంటలు బండిలోనే ఉండాలి, గైడు చూపిన చోట తప్ప కాలు కింద పెట్టకూడదు. అందుకని టీ తక్కువ తాగి, బాత్రూం పని గేటు దగ్గరే ముగించుకోండి.

డిసెంబరు, జనవరి ఉదయాల్లో ఓపెన్ జిప్సీలో చలి కోసేస్తుంది. మంకీ క్యాప్, గ్లౌజులు, రెండు మూడు పొరల బట్టలు కావాలి. నైలాన్ జాకెట్ మాత్రం వద్దు, కదిలినప్పుడల్లా చరచరలాడుతుంది. ఖాకీ, మట్టిరంగు బట్టలు నయం. సెంటు కొట్టుకోవద్దు. నీళ్లు స్టీలు బాటిల్లో పోసుకోండి. కమలాపండు తొక్క కూడా తిరిగి మీ సంచిలోకే రావాలి. అభయారణ్యంలో చెత్త వేయడం, జంతువుల్ని రెచ్చగొట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరాలు.

లోపల అసలు పని చెవులది. ఇంజన్ ఆపగానే గైడు చెయ్యెత్తాడంటే కూత వింటున్నాడన్నమాట. దుప్పి చిన్న అనుమానానికే అరుస్తుంది. కొండముచ్చు చెట్టు మీంచి ఖెక్ ఖెక్‌మంటే కాస్త నమ్మొచ్చు. కణితి (సాంబర్ జింక) "ఢాంక్" అని పదేపదే కూసిందా, పులో చిరుతో దగ్గర్లోనే ఉందని లెక్క. సరిగ్గా అప్పుడే ఎవరో చిప్స్ ప్యాకెట్ చింపుతారు! ఆ రెండు నిమిషాలూ పిల్లల నోట్లో బిస్కెట్ పెట్టైనా ఊరుకోబెట్టండి. కెమెరా బీప్, ఫ్లాష్ ముందే ఆపేసుకోండి. పులిని మీరే ముందు చూస్తే కేక వేయకుండా గైడు భుజం తట్టి, చెయ్యి బయటికి చాపకుండా దిక్కు చెప్పండి. సీటు మీదికి ఎక్కి నిలబడకండి. పెద్ద లెన్స్ ఉంటే కేజీ బియ్యం పోసిన గుడ్డసంచి కడ్డీ మీద వేసి ఆనించుకోండి, కూర్చునే తీసుకోవచ్చు.

జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ 2012 మార్గదర్శకాల ప్రకారం జంతువుకు కనీసం 20 మీటర్ల దూరంలో ఉండాలి. అంటే రెండు ఆర్టీసీ బస్సుల పొడవు కన్నా తక్కువే, కంటికి చాలా దగ్గరనిపిస్తుంది. పులి దారి మీద ఎదురుగా నడిచొస్తుంటే బండి వెనక్కి పోవాలి. చెవులు వెనక్కి అణిచినా, తోక విసురుతున్నా, గుర్రుమన్నా అప్పటికే ఆలస్యమైనట్టు.

కూనలున్న తల్లితో ఇంకా జాగ్రత్త. తల్లి దారి దాటాక బండి మధ్యలోకి వస్తే కూనలు అవతలే చిక్కుకుపోతాయి. 2024 డిసెంబరు 31న నాగపూర్ దగ్గరి ఉమ్రేడ్ కర్హాండ్లా అభయారణ్యంలో ఎఫ్-2 అనే ఆడపులినీ దాని ఐదు కూనల్నీ రెండువైపులా జిప్సీలు చుట్టుముట్టాయి. బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి దాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. డ్రైవర్లు, గైడ్లు సస్పెండయ్యారు. ఆ సస్పెన్షన్ ఉన్నన్నాళ్లూ వాళ్ల కూలి పోయినట్టే. అలాంటి గుంపు కనబడితే "భయ్యా, గాడీ పీఛే లే లో" (బండి వెనక్కి తీయండి) అనండి. టూరిస్టే అలా అన్నాక డ్రైవర్‌కి ఇంకెవరి మొహమాటమూ ఉండదు.

పులి కనబడితేనే టిప్పు అని ముందుగా ఆశపెట్టకండి, బండి వేగం, ప్రమాదం రెండూ అక్కడే మొదలవుతాయి. కనబడినా కనబడకపోయినా ఇవ్వాలనుకున్నది గేటు బయటికొచ్చాక ఇచ్చేయండి. ఫోటో పెట్టేటప్పుడు ఏ చెరువు దగ్గర, ఏ మలుపులో అన్నది రాయకండి.