ఊరెళ్తూ కోళ్ళని ఇంకొకరికి అప్పజెప్పేటప్పుడు

కోళ్ళు పెంచేవాళ్ళకి సెలవులుండవని నవ్వుతూ అంటుంటారు, నిజానికి అందులో నవ్వేం లేదు. కుక్కనైతే కార్లో ఎక్కించుకుని పోవచ్చు, పిల్లిని ఓ పూట వదిలేసినా దాని తంటాలు అది పడుతుంది, ఎనిమిది పెట్టల్నీ ఒక పుంజునీ వెంటేసుకుని ఎక్కడికెళ్తాం? అందుకే పెరట్లో కోళ్ళున్నవాళ్ళకి, పెరట్లో కోళ్ళున్న స్నేహితులు ఒకరైనా ఉండి తీరాలి. ఈసారి వాళ్ళవి మనం చూస్తాం, వచ్చేసారి మనవి వాళ్ళు చూస్తారు. నేను రెండు వైపులా ఉన్నాను, రెండు వైపులా తప్పులు చేశాను, వాటిల్లోంచి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా.

మొదటిసారి అప్పజెప్పినప్పుడు నేను చెప్పింది మూడే ముక్కలు. పొద్దున తలుపు తియ్యి, దాణా వెయ్యి, సాయంత్రం తలుపు వెయ్యి. రెండో రోజు రాత్రి ఎనిమిదింటికి ఫోన్.

"అక్కా, ఏడే ఉన్నాయి. ఎనిమిదోది కనపడట్లేదు. పెరడంతా వెతికాం."

"ఏ రంగుది లేదు?"

"బూడిద రంగుది అక్కా."

"నీళ్ళ డ్రమ్ము వెనకాల గోడకి ఒక చెక్క ఆనించి ఉంటుంది, దాని మీద చూడు."

అక్కడే ఉంది. ఆ పెట్ట కొన్ని నెలలుగా అక్కడే పడుకుంటోంది, నేను రోజూ చీకటి పడ్డాక వెళ్ళి దాన్ని రెండు చేతుల్తో ఎత్తి గూట్లో కర్ర మీద పెట్టి వస్తున్నా. చెప్పకుండా దాచింది కాదు, అలా చేస్తున్నానన్న సంగతే నాకు తట్టలేదు. పాపం ఆ అమ్మాయి గంటసేపు టార్చి పట్టుకుని చెట్ల కిందా పుట్టల కిందా వెతికింది, కుక్క ఎత్తుకుపోయిందేమోనని ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది.

కాబట్టి మొదటి పని ఇది. ఊరెళ్ళడానికి రెండు రోజుల ముందు ఒక కాగితం, పెన్ను జేబులో పెట్టుకుని మీ పని మీరు మామూలుగా చేసుకోండి, చేతులు ఏం చేస్తే అది రాసుకోండి. గడియ పెట్టేటప్పుడు తలుపుని కొంచెం పైకెత్తుతారా, రాయండి. నీళ్ళ పళ్ళెం కింద ఇటుక ముక్క సర్దుతారా, అదీ రాయండి. తెల్లపెట్ట గుడ్డు పెట్టేముందు అరగంట అరుస్తూ తిరుగుతుందా? మీకు అది రోజూ వినపడే గోలే, వినేవాళ్ళకి మాత్రం ఎవరో దాని పీక నొక్కుతున్నట్టుంటుంది. కూర్చుని గుర్తుచేసుకుంటూ రాస్తే ఇవేవీ రావు, పని చేస్తూ రాస్తేనే వస్తాయి. ఆ తర్వాత ఒక సాయంత్రం వాళ్ళని పిలిచి, మీరు పక్కన ఊరికే నిలబడి, పనంతా వాళ్ళ చేతే చేయించండి. ఆ గడియ దగ్గర వాళ్ళు ఎలాగూ ఇబ్బంది పడతారు. అదేదో మీరున్నప్పుడే జరిగిపోతే మంచిది.

దాణా సంగతిలో "రెండు గుప్పెళ్ళు" అనకండి, ఎవరి గుప్పెడు వాళ్ళది. గుడ్లు పెట్టే పెద్ద పెట్ట రోజుకి ఇంచుమించు 100 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది, అంటే ఎనిమిదింటికి కిలోకి కాస్త అటూ ఇటూ. ఒకసారి తూకం వేసి, ఒక పాత మగ్గు మీద ఎక్కడి దాకా పొయ్యాలో గీత గీసి పెడితే చాలు, ఇక ఎవరూ మిమ్మల్ని అడగరు. నీళ్ళు కోడికి పావు లీటరు దాకా పడతాయి, ఎండ ముదిరితే అర లీటరు కూడా తాగేస్తాయి, అందుకని నీళ్ళ గిన్నెలు రెండు వేరే వేరే చోట్ల పెట్టండి. ఒకటి తన్నేసినా రెండోది ఉంటుంది. దాణా కూడా మీరు లేని రోజులకి సరిపడా మాత్రమే కాదు, ఇంకో మూడు రోజులకి ఎక్కువ ఉంచండి, ప్రయాణాలు అనుకున్నట్టు ఎప్పుడు జరిగాయి గనక. డబ్బా మూత బిగించి పెట్టమని చెప్పండి, రాత్రిపూట గింజలు నేల మీద పడి ఉంటే ఎలుకలు కబురు చెయ్యకుండానే వచ్చేస్తాయి.

చూసేవాళ్ళ వైపు నుంచి వచ్చే పెద్ద సమస్య నిర్లక్ష్యం కాదు, ప్రేమ. వేరేవాళ్ళ కోళ్ళు కదా, ఆకలితో ఉన్నాయేమో అని ఇంట్లో మిగిలినవన్నీ తెచ్చి పోస్తారు. రోజు మొత్తం తిండిలో పదో వంతు మించి చిరుతిళ్ళు వద్దని ముందే చెప్పండి, ఎక్కువైతే దాణా మానేస్తాయి, గుడ్డు పెంకులు పల్చబడతాయి. అవకాడో, చాక్లెట్, ఉడికించని ఎండు చిక్కుడు జాతి గింజలు, బూజు పట్టినవి, ఉప్పు ఎక్కువున్నవి అసలు వెయ్యకూడదు, ఈ వరసంతా కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి దాణా డబ్బాకి అంటించండి.

సాయంత్రం పని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కోళ్ళకి చీకట్లో చూపు ఆనదు, పొద్దు వాలుతుంటే వాటంతటవే గూటికి చేరతాయి. కొత్తవాళ్ళకి ఇది తెలియక ఐదింటికే కర్ర పట్టుకుని తరమడం మొదలుపెడతారు. అలా తరిమితే ఒకటి గోడెక్కుతుంది, ఒకటి కంచె కింద దూరుతుంది, మిగతావి మర్నాడు కూడా ఆ మనిషిని చూస్తే పరుగే. ఆగాలి, అంతే. వెలుగు పూర్తిగా పోయాక వెళ్ళి, టార్చి వేసి, తలలు లెక్కపెట్టి, అప్పుడు తలుపు వెయ్యాలి. తోకలు కాదు, తలలే లెక్కపెట్టాలి, కర్ర మీద ఒకదానికొకటి ఒరిగి కూర్చుంటాయి కదా, తోకలు లెక్కపెడితే ఒకటి ఎక్కువో తక్కువో వస్తుంది. లెక్క తగ్గితే ఎక్కడెక్కడ చూడాలో మీ కాగితంలో ఉండాలి. తగ్గినది బయట ఎక్కడైనా ఎక్కి కదలకుండా కూర్చుని ఉంటే మెల్లగా ఎత్తుకొచ్చి పెట్టెయ్యొచ్చు, చీకట్లో ఎంత పొగరుబోతు పెట్టయినా పిల్లిలా ఒదిగిపోతుంది.

పుంజు ఉంటే దాని గుణం దాచకండి. "మావాడు ఏమీ అనడు" అని చెప్పేవాళ్ళందరినీ వాళ్ళ పుంజు ఏమీ అనదు, అవతలివాళ్ళ పిక్కల సంగతే వేరు. దాణా బకెట్ ముందుకు పట్టుకుని నడవమనండి, అది మీదికొస్తే వెనక్కి తిరిగి పరిగెత్తొద్దని చెప్పండి, నిక్కరుతో రావద్దని కూడా.

ఇప్పుడు భయాల సంగతి. కొత్తగా చూసేవాళ్ళు దేనికి భయపడకూడదో ముందు చెప్పాలి, లేకపోతే మీ ప్రయాణమంతా ఫోన్లోనే గడిచిపోతుంది. ఒకసారి నాకు వచ్చిన వీడియోలో పెట్ట ఒక పక్కకి పడిపోయి, ఒక కాలు చాచి, రెక్క కొట్టుకుంటూ, కళ్ళు సగం మూసుకుని ఉంది. కింద "చచ్చిపోతోందక్కా" అని మెసేజ్. అది మట్టిలో పొర్లుతోంది అంతే, ఈకల్లో పురుగులు వదిలించుకోవడానికి కోళ్ళు చేసే స్నానం అది, వాటికి అంతకన్నా సుఖం లేదు. అలాగే ఎనిమిది పది రెట్టలకి ఒకటి గోధుమ రంగులో జిగటగా, ముక్కు మూసుకునేంత కంపుతో వస్తుంది, అది విరేచనం కాదు, పేగుల చివరి సంచుల్లోంచి వచ్చే మామూలు రెట్టే. ఏడాదికోసారి ఈకలు రాల్చే రోజుల్లో పెరడంతా దిండు చింపినట్టుంటుంది, కోడి బోసిగా ఉంటుంది, గుడ్లు ఆగిపోతాయి, అదీ జబ్బు కాదు.

ఒక పెట్ట గుడ్ల మీద కూర్చుండిపోయి దగ్గరికెళ్తే ఈకలు ఉబ్బించి పొడవబోతే అది పొదగడానికి కూర్చుంది. మీకు పిల్లలు వద్దనుకుంటే రోజూ గుడ్లు తీసెయ్యమనండి, రోజుకొకసారి దాన్ని లేపి మేత దగ్గర దించమనండి. వదిలేస్తే 21 రోజులు దాదాపు తిండి మానేసి కూర్చుంటుంది, ఆ గుడ్లు పిల్లలయ్యేవి కాకపోతే ఇంకా ఎక్కువే కూర్చుంటుంది పిచ్చిది.

నిజంగా భయపడాల్సినవి కొన్నే. పట్టపగలు ఒక కోడి మిగతావాటికి దూరంగా, ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుని నిలబడిందంటే ఏదో ఉంది. కోళ్ళు జబ్బుని చాలా రోజులు దాచిపెడతాయి, బయటికి కనపడిందంటే ఆలస్యం చెయ్యకూడదు. రెట్టలో రక్తం, చల్లటి పూట కూడా నోరు తెరిచి ఊపిరి తియ్యడం, తురాయి నీలంగా మారడం, తోక దించి నిటారుగా నిలబడి ముక్కుతూ గుడ్డు పెట్టలేకపోవడం, ఇవన్నీ వెంటనే ఫోన్ చెయ్యాల్సినవి. దెబ్బ తగిలి రక్తం కనపడితే ముందు ఆ కోడిని వేరే గంప కింద పెట్టి తర్వాత ఫోన్ చెయ్యమనండి, ఎర్రగా కనపడ్డ చోట మిగతా కోళ్ళు పొడుస్తూనే ఉంటాయి. ఇంకొకటి చేత్తో చూసేది: మెడ కింద, రొమ్ముకి పైన, కొంచెం కుడి పక్కకి మేత నిలవుండే తిత్తి ఉంటుంది. రాత్రి పడుకునేటప్పుడు నిండుగా, పొద్దున లేచేసరికి ఖాళీగా ఉండాలి. పొద్దున్నే బంతిలా గట్టిగా ఉన్నా, నీళ్ళ సంచిలా మెత్తగా జారుతున్నా డాక్టరుకి చూపించాలి. ఎలా పట్టుకుని చూడాలో ఆ చూపించే సాయంత్రమే నేర్పండి, మాటల్లో అర్థం కాదు. పశువుల డాక్టరు నంబరు కాగితం పైన రాయండి.

మీ కోళ్ళు చూసేవాళ్ళకీ కోళ్ళున్నాయి కాబట్టి ఇది చాలా ముఖ్యం, చాలామంది మొహమాటానికి చెప్పరు. జబ్బులు చెప్పులకి అంటుకుని ఒక పెరటి నుంచి ఇంకో పెరటికి నడిచి వెళ్తాయి. మీ గేటు లోపల ఒక జత చెప్పులు వాళ్ళ కోసం పెట్టండి, వచ్చాక అవి వేసుకోవాలి, పోయేటప్పుడు అక్కడే విప్పాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. బకెట్లూ గంపలూ అటూ ఇటూ తిప్పుకోకూడదు. మీ కోళ్ళు తుమ్ముతున్నాయనుకోండి, ఆ మాట దాచి వాళ్ళని పిలవడం స్నేహం కాదు. కోళ్ళు లేని మనిషిని వెతుక్కోండి, లేదా ప్రయాణం వాయిదా వేసుకోండి.

"ఇంత గోల ఎందుకు, నీ మూడు కోళ్ళు మా గూట్లో పడేయ్" అని కొందరు మంచి మనసుతోనే అంటారు. ఒప్పుకోకండి. కోళ్ళలో ఎవరు ఎవరిని పొడవొచ్చో ఒక వరస ఉంటుంది, నార్వేకి చెందిన థోర్లీఫ్ షెల్డెరప్-ఎబ్బె 1921లోనే ఈ వరస గురించి రాశాడు. పరాయి గుంపులో దించితే ఆ వరసంతా మొదట్నించీ తేలాలి, అంటే కొట్లాటలు, రక్తాలు, మేతకి దూరమైన కోళ్ళు. పైగా కొత్త కోడిని ఎవరి గుంపులో కలపాలన్నా నెల రోజులు వేరుగా ఉంచి చూడాలంటారు, మీ ప్రయాణం అయిదు రోజులు.

చివరిగా ఎవరూ ఎత్తని మాట, చావు. వెళ్ళే ముందు కూర్చుని మాట్లాడుకోండి. కోడి పోతే ఎప్పుడు చెప్పాలి, పాతిపెట్టాలా లేక డాక్టరుకి చూపించడానికి ఉంచాలా, జబ్బు చేస్తే వైద్యానికి ఎంతదాకా ఖర్చు పెట్టొచ్చు, ఆ డబ్బు ఎవరిది. వినడానికి కటువుగా ఉంటుంది కానీ, నేను మాట్లాడుకోకుండా చూసిన ఒకే ఒక్కసారి స్నేహితురాలి ముసలి పెట్ట పోయింది. పొద్దున తలుపు తియ్యగానే కర్ర కింద, ఊకలో, రెక్కలు ముడుచుకుని పడుంది. పెళ్ళిలో ఉంది కదా, ఇప్పుడు చెప్పి పాడు చెయ్యడమెందుకని సాయంత్రం దాకా ఆగాను. దాన్ని గోనెసంచిలో చుట్టి పాతిపెట్టేశాను కూడా. ఆవిడ కోడి పోయినందుకు నన్ను ఒక్క మాట అనలేదు. "పొద్దున్నే చెప్పుంటే డాక్టరుకి చూపించమనేదాన్ని కదా, మిగతావాటికి అంటేదో కాదో తెలిసేది" అంది. నిజమే, నాకు ఆ ఆలోచనే రాలేదు. తర్వాత ఓ పదిహేను రోజులు మా ఇద్దరి మధ్య మాటలు పొడిపొడిగానే నడిచాయి. మిగతా కోళ్ళకేమీ కాలేదు, అయినా ఆ పదిహేను రోజులూ ఆవిడ రోజూ ఎంత టెన్షన్ పడి ఉంటుందో నాకిప్పుడు తెలుసు.

గుడ్లు చూసినవాళ్ళవే, అందులో బేరం లేదు. రోజుకొకసారైనా తియ్యమనండి, పేరుకుపోతే పగులుతాయి, పగిలిన గుడ్డు రుచి మరిగిన కోడిని మాన్పించడం మహా కష్టం. తిరిగొచ్చాక గిన్నె ఇక్కడ పెట్టారేంటి, గడియ అలా వేశారేంటి అని వంకలు పెట్టకండి, కోళ్ళు బతికున్నాయి కదా. వాళ్ళకి తోచినవేమైనా ఉంటే మాత్రం అడిగి తెలుసుకోండి, నల్లపెట్ట కుంటుతోందని నాకు చెప్పింది నా కోళ్ళని నాలుగు రోజులు చూసిన మనిషే, నేను రోజూ చూస్తూ కూడా గమనించలేదు. ఇక ఆ రాత్రి ఎంత అలసటగా ఉన్నా టార్చి తీసుకుని మీరే వెళ్ళి లెక్కపెట్టండి.