కన్నవాళ్లే వెంటపడి వేధిస్తుంటే: 'కలవొద్దు, ఫోన్ చేయొద్దు' అనే కోర్టు ఆర్డర్ తెచ్చుకోవడం ఎలా?

కులాంతర పెళ్లి చేసుకున్న ఒక అమ్మాయి, "ఇకపై మా నాన్నకు, నాకు ఏ సంబంధమూ లేదు" అని స్టాంపు కాగితం మీద రాయించి, నోటరీ చేయించి, దాన్ని పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వచ్చింది. కోర్టు బయట ఒక మధ్యవర్తి దానికి ఆరు వేలు తీసుకున్నాడు. ఆ కాగితం ఎవరినీ ఆపదు. పేపర్లో వేయించే ప్రకటన కూడా అంతే. ఆపగలిగేది మేజిస్ట్రేట్ ఇచ్చే ప్రొటెక్షన్ ఆర్డర్.

ఇది 2005 నాటి గృహహింస చట్టం కింద వస్తుంది. భర్త మీద మాత్రమే కేసు వేయడానికి ఉందనుకుంటారు గానీ, కూతురు తండ్రి మీదా వేయవచ్చు. ప్రతివాది పురుషుడే అయి ఉండాలన్న షరతును సుప్రీంకోర్టు 2016లో కొట్టేసింది కాబట్టి తల్లి మీదా వేయవచ్చు. ఇల్లు వదిలి వచ్చేశాను కదా అని భయపడకండి. ఒకప్పుడు ఒకే ఇంట్లో ఉంటే చాలు, దరఖాస్తు నాటికి కలిసి ఉండక్కర్లేదని 2022లో అదే కోర్టు చెప్పింది. అయితే మాటలు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. కొట్టడం, బెదిరించడం, అవమానించడం, జీతం లాక్కోవడం వంటిది జరిగి ఉండాలి, లేదా జరిగేలా ఉండాలి.

దరఖాస్తు ఫారం 2లో, సెక్షన్ 12 కింద వేయాలి. మీరు ఇప్పుడు ఉంటున్న చోట గానీ, ఉద్యోగం చేసే చోట గానీ ఉన్న మేజిస్ట్రేట్ కోర్టు చాలు. పుట్టినూరికి వెళ్లనక్కర్లేదు. రాయడానికి మహిళా శిశు సంక్షేమ శాఖలోని రక్షణ అధికారి సాయం చేస్తారు. 181కి ఫోన్ చేసినా దారి చూపుతారు. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, నంబర్ 15100.

చాలామంది తడబడేది ఒక్క చోటే, 'ఏమేం కోరుతున్నారు' అన్న దగ్గర. అక్కడ "రక్షణ కావాలి" అని ఒక్క ముక్క రాసేసి వస్తారు. సెక్షన్ 18 కింద మీరు ఏది అడిగితే మేజిస్ట్రేట్ ప్రధానంగా దాన్నే చూస్తారు. నేరుగా, ఫోన్‌లో, మెసేజ్‌లో, ఉత్తరంలో, ఏ రూపంలోనూ సంప్రదించకూడదని రాయండి. ఆఫీసు పేరు, చిరునామా రాయండి. ఇప్పుడుంటున్న ఇంటిని తప్పకుండా విడిగా చేర్చండి. సెక్షన్‌లో పనిచేసే చోటు గురించి స్పష్టంగా ఉంది, ఇంటి ప్రస్తావన లేదు. బాబాయితోనో, మేనమామతోనో కబురు పంపించడమూ ఆపమని అడగండి. మీకు సాయం చేసిన స్నేహితురాలిని బెదిరిస్తుంటే అదీ చేర్చవచ్చు.

తర్వాతి చిక్కు సాక్ష్యం. కోపంలో నంబర్ బ్లాక్ చేసి చాట్ మొత్తం డిలీట్ చేసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. తేదీ, నంబర్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, ఫోన్‌ను అలాగే ఉంచండి. కోర్టులో వాటిని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియంలోని (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్, అంటే ఆ డిజిటల్ రికార్డును ధ్రువీకరించే పత్రం కావాలి. లాయర్‌కు ఇది మొదటి రోజే గుర్తుచేయండి.

ప్రమాదం దగ్గరపడిందనిపిస్తే ఫారం 3 అఫిడవిట్ జత చేసి, సెక్షన్ 23 కింద మధ్యంతర ఆర్డర్ అడగండి. మేజిస్ట్రేట్‌కు నమ్మకం కలిగితే అవతలివాళ్లు రాకముందే ఇవ్వవచ్చు. ఆర్డర్ కాపీ మీకూ, ఆ ప్రాంత పోలీస్ స్టేషన్‌కూ ఉచితంగా వెళ్లాలి. వెళ్లిందో లేదో మీరే ఒకసారి అడిగి చూడండి. ఆర్డర్ మీరితే ఏడాది వరకు జైలు, 20 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అది నాన్ బెయిలబుల్ నేరం. అయితే మీరే "ఎలా ఉన్నారు?" అని ఫోన్ చేస్తే ఆర్డర్ బలం తగ్గుతుంది, జాగ్రత్త.

కొడుకులకు ఈ చట్టం వర్తించదు. వాళ్లు సివిల్ కోర్టులో శాశ్వత ఇంజంక్షన్ (ఫలానా పని చేయొద్దని ఆపే ఆదేశం) కోసం దావా వేసి, వెంటనే తాత్కాలిక ఇంజంక్షన్ అడగాలి. ఇంకో మాట: ఆర్డర్ ఉన్నా, పోషించుకోలేని తల్లిదండ్రులు భరణం అడిగే హక్కు పోదు. ఆ నోటీసు వస్తే పక్కన పడేయకుండా లాయర్‌కు చూపించండి.