పి-జీపీ పంపు మీద పని చేయాలంటే ఏ సెల్ లైన్ తీసుకోవాలి, ఎలా వాడాలి

విజయనగరం, శ్రీకాకుళం సైడు ఎం.ఫార్మ్ ప్రాజెక్టు చేస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అడిగేది ఎప్పుడూ ఒకటే, మా కాంపౌండ్ డ్రగ్ రెసిస్టెన్స్ తగ్గిస్తుందేమో చూడాలి, ఏ సెల్స్ తెప్పించాలి అని. సెల్స్ సంగతి తర్వాత, ముందు మీ ప్రశ్న ఏటో తేల్చుకోండి.

పి-జీపీ (పి-గ్లైకోప్రోటీన్) అంటే సెల్ పొరలో ఉండే పంపు, పడవలోకి నీళ్ళొస్తుంటే తోడి పారబోసినట్టు లోపలికొచ్చిన మందుని ఏటీపీ ఖర్చు పెట్టి బయటికి తోసేస్తది. 1976లో జూలియానో, లింగ్ దీన్ని కాల్చిసిన్‌కి లొంగని చైనీస్ హామ్‌స్టర్ సెల్స్‌లో కనిపెట్టారు. ఇప్పుడు దీని మీద పనికి దొరికే సెల్ లైన్లు (ల్యాబ్‌లో పెంచుకుంటూ పోయే ఒకే వంశం సెల్స్) రెండు రకాలు. ఒకటి, జీన్ ఎక్కించినవి, ఎండీసీకే-టూ అనే కుక్క కిడ్నీ సెల్స్‌లో మనిషి ఎండీఆర్1 జీన్ (పి-జీపీని తయారు చేసేది) పెట్టినవి లాంటివి. రెండోది, మందు కొంచెం కొంచెంగా పెంచుతూ పోసి మొండికెత్తించినవి, డాక్సోరుబిసిన్‌కి అలవాటు పడ్డ కే562 లుకేమియా సెల్స్ లాంటివి. మీ మందుని పంపు తోస్తోందా లేదా అన్నదే ప్రశ్న అయితే మొదటి రకమే తీసుకోండి, ఎందుకంటే రెండో దాంట్లో పంపుతో పాటు ఇంకా ఏవేవో మారిపోయుంటాయి, ఫలితం వచ్చినా అది పి-జీపీ వల్లే అని గట్టిగా చెప్పలేరు. క్యాన్సర్ సెల్ మందుకి ఎలా లొంగకుండా పోతది అన్నది మీ పనైతే రెండోది బాగుంటది.

ఏది తెచ్చుకున్నా దాని పేరెంట్ లైన్ (జీన్ ఎక్కించక, మొండికెత్తించక ముందున్న అసలు సెల్స్) కూడా పక్కన ఉండాల్సిందే, అది లేకపోతే నా లెక్కలో ఆ డేటా పనికిరాదు. ఎండీసీకేకి సొంతంగా కుక్క పి-జీపీ కూడా ఉంటది కాబట్టి పేరెంట్‌లో వచ్చిన విలువతో పోల్చి చూస్తేనే మనిషి పంపు వాటా తెలుస్తది (క్రిస్పర్‌తో కుక్క జీన్ తీసేసిన లైన్లు కూడా ఉన్నాయి, దొరికితే అదృష్టం). మామూలు లైన్లు సెల్స్ సరఫరా చేసే పూణే ఎన్‌సీసీఎస్‌లో అడగండి, జీన్ ఎక్కించినవైతే తయారు చేసిన ల్యాబ్‌కి మీ గైడు చేత మెయిల్ పెట్టించి అగ్రిమెంట్ మీద తెచ్చుకోవాలి, టైమ్ పడతది కాబట్టి ఫస్టియర్‌లోనే మొదలెట్టండి. మనిషి సెల్స్ అయితే ఎస్‌టీఆర్ రిపోర్ట్ (సెల్స్ ఎవరివో చెప్పే డీఎన్ఏ గుర్తింపు) చూడకుండా తీసుకోకండి. ఎంసీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ నుంచి వచ్చిందనుకుని ఏళ్ళ తరబడి వాడిన ఒక ఆడ్రియామైసిన్ (డాక్సోరుబిసిన్‌కే ఇంకో పేరు) రెసిస్టెంట్ లైన్ చివరికి ఓవ్‌కార్-8 అనే అండాశయ క్యాన్సర్ సెల్స్‌ది అని తేలింది, దాన్నే ఇప్పుడు ఎన్‌సీఐ/ఏడీఆర్-రెస్ అంటున్నారు.

రాగానే మైకోప్లాస్మా (కల్చర్‌లో కంటికి కనపడకుండా చేరే బ్యాక్టీరియా) టెస్ట్ చేసి, తక్కువ పాసేజ్‌లోనే (ఎక్కువసార్లు మార్చి పెంచక ముందే) ఎక్కువ వయల్స్ ఫ్రీజ్ చేసేయండి. లిక్విడ్ నైట్రోజన్ క్యాన్ బయట నుంచి నింపించుకునే కాలేజీ అయితే రీఫిల్ తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి, తుఫాను సీజన్లో బండి లేటవుతది. మీడియంలో సెలెక్షన్ మందు (మొండి సెల్స్‌నే బతకనిచ్చేది) ఉంచకపోతే చాలా లైన్లు మెల్లగా పంపుని వదిలేస్తాయి, అలాగని మందుతోనే అస్సేకి వెళ్ళకూడదు, కొన్ని రోజుల ముందే తీసేసి మామూలు మీడియంలో పెంచాలి.

పంపు పని చేస్తోందో లేదో రోడమైన్ 123తో (పంపు బయటికి తోసే, వెలిగే డై) చూసుకోండి, ఫ్లో సైటోమీటర్ లేకపోయినా ఫ్లోరోసెంట్ మైక్రోస్కోప్ ఉంటే చాలు. మూడు వెల్స్ పెట్టండి, పేరెంట్, రెసిస్టెంట్, రెసిస్టెంట్ ప్లస్ వెరాపామిల్ (పంపుని ఆపే ఇన్హిబిటర్). 37 డిగ్రీల్లో ముప్పావుగంట డై పెట్టి, మంచులో పెట్టిన పీబీఎస్‌తో కడిగేయండి, చల్లదనంలో పంపు పని చేయదు గనక ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టుకోవచ్చు. పేరెంట్‌లో సెల్స్ పచ్చగా వెలుగుతాయి, రెసిస్టెంట్ వెల్లో దాదాపు చీకటే, వెరాపామిల్ పడ్డదాంట్లో మళ్ళీ ఆ పచ్చదనం వస్తది. మూడింటికీ ఎక్స్‌పోజర్ ఒకటే ఉంచండి, ఆటోలో వదిలేస్తే కెమెరానే చీకటి సెల్స్‌ని కూడా వెలిగించి చూపిస్తది, ఇక మీ పని అయిపోయినట్టే.

ఎంటీటీ (ఎన్ని సెల్స్ బతికున్నాయో చూసే టెస్ట్) గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, రెసిస్టెంట్ ఐసీ50ని (సగం సెల్స్‌ని ఆపే డోసు) పేరెంట్ ఐసీ50తో భాగిస్తే ఎన్ని రెట్లు మొండిదో వస్తది. వెరాపామిల్ ఒక్కటే వేసిన వెల్ మాత్రం మర్చిపోకండి, అది కూడా సెల్స్‌ని చంపగలదు.

ట్రాన్స్‌వెల్ అస్సేకి (చిల్లుల పొర మీద సెల్స్ పెంచి మందు ఇటు నుంచి అటు ఎంత దాటిందో చూసే టెస్ట్) ఎండీసీకే బాగుంటది, కాకో-2 అనే మనిషి పేగు క్యాన్సర్ సెల్స్‌కి మూడు వారాలు ఆగాలి, దీనికి నాలుగైదు రోజులు చాలు. కానీ సీడింగ్ (సెల్స్ వేసే) రోజు క్యాలెండర్ చూసి పెట్టండి బాబూ, దసరా తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను, ఆ రోజు విజయనగరంలో ల్యాబ్‌కి ఎవడొస్తాడు, కాబట్టి బుధవారం సీడ్ చేసుకుంటే నిశ్చింత. ఎండీసీకే-టూలో టీర్ రీడింగ్ (సెల్ పొర కరెంట్‌ని ఎంత అడ్డుకుంటోందో చెప్పేది) మామూలుగానే తక్కువ, దాన్ని చూసి కంగారు పడకుండా లూసిఫర్ ఎల్లో అనే డై లీకవుతోందా లేదా చూడండి. మందు కింద నుంచి పైకి వెళ్ళిన వేగాన్ని పై నుంచి కిందకి వెళ్ళిన వేగంతో భాగించండి, 2 లేదా ఆపైన వచ్చి, ఇన్హిబిటర్ వేస్తే సగానికి పైగా పడిపోతే మీ మందుని పంపు తోస్తోందన్న మాట. ఒక్క కాన్సంట్రేషన్‌తో మాత్రం తేల్చేయొద్దు, డోసు ఎక్కువైతే పంపు నిండిపోయి రేషియో 1 దగ్గరకి వచ్చేస్తది, సబ్‌స్ట్రేట్ కాదేమో అనుకుంటారు, అందుకని 1, 10, 100 మైక్రోమోలార్ మూడూ ఒకే రోజు పెట్టేయండి.