పాత చెక్క సామానుకి పాలిష్ పెడుతున్నారా? గీకడానికి ముందే ఇది చదవండి

దసరా దగ్గర పడుతోందంటే చాలామందికి ఇంట్లో పాత సామాను మీదకి చూపు మళ్ళుతుంది. అమ్మమ్మ నాటి టేకు బీరువా, తాతయ్య పడక్కుర్చీ, అటక మీద పడున్న పీటలు, ఏదో ఒకటి కిందికి దింపి, గీకి, పాలిష్ పట్టి హాల్లో పెట్టుకోవాలనిపిస్తుంది. మంచి ఆలోచనే, అంత చేవ ఉన్న చెక్క ఇప్పుడు కొందామన్నా సులువుగా దొరకదు. కాకపోతే ఈ పనిలో ప్రమాదాలు కంటికి కనపడవు. దుమ్ము, ఆవిరి, మూల పడేసిన గుడ్డ, ఈ మూడింటి గురించే నా భయమంతా.

ఏళ్ళ తరబడి కదపని సామానైతే సొరుగుల్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి, తేళ్ళు ఉంటాయి. తుప్పు మేకులు ముందే పీకేయండి, గుచ్చుకుంటే టీటీ ఇంజెక్షన్ సంగతి డాక్టర్ని అడగండి.

ఇక రంగు. పాలిష్ కాకుండా ఆకుపచ్చో నీలమో ఎనామిల్ పెయింట్ వేసిన పాత సామాను ఉంటే, అందులో సీసం ఉందనే అనుకుని మొదలుపెట్టండి. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన రంగుకి ఏ భరోసా లేదు. దాన్ని పొడిగా సాండ్ పేపర్‌తో రుద్దితే సీసం దుమ్మై లేచి గచ్చు మీద, పరుపు మీద, పాకే పిల్లల చేతుల మీద పడుతుంది, ఆ చేతులు నోట్లోకి వెళ్తాయి. పిల్లల మెదడుకి సీసం చేసే నష్టం మళ్ళీ పూడేది కాదు, ఇంత వరకు ఫర్వాలేదు అనే మోతాదు కూడా లేదు. అందుకే వాటర్ పేపర్ (తడిపి వాడే సాండ్ పేపర్) తీసుకుని తడుపుతూ రుద్దండి, కింద పాత ప్లాస్టిక్ షీటు పరిచి, ఆ ముద్దని తడిగానే ఎత్తి కవర్లో కట్టేయండి. చీపురుతో ఊడవద్దు, తడిగుడ్డతో తుడవండి. రంగుని మంటతో కాల్చి తీయడం మాత్రం అసలు వద్దు, సీసం పొగలోకే వస్తుంది. గర్భిణులు, చిన్నపిల్లలు ఆ పనయ్యేదాకా వేరే ఇంట్లో ఉంటే ఇంకా మంచిది.

రంగు లేని ఉత్త టేకు అయినా దుమ్ముని తేలిగ్గా తీసుకోకండి. కొందరికి టేకు పొడి తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి, ఏళ్ళ తరబడి చెక్క పొడి పీల్చిన పనివాళ్ళకి ముక్కులో క్యాన్సర్ వచ్చే ముప్పు ఉందని తేలింది. ఎన్95 మాస్కు వేసుకోండి, చేతిరుమాలు కట్టుకుంటే సరిపోదు. అయితే ఆ మాస్కు దుమ్మునే ఆపుతుంది, థిన్నర్ (రంగుని, పాలిష్‌ని పల్చబరిచే ద్రావకం) వాసనని కాదు, దానికి బొగ్గు ఫిల్టర్ ఉన్న మాస్కు వేరే ఉంటుంది.

పెయింట్ రిమూవర్ కొనేటప్పుడు డబ్బా మీద మిథిలీన్ క్లోరైడ్ అనో డైక్లోరోమీథేన్ అనో రాసుందేమో చూడండి. అది ఒంట్లోకి వెళ్ళాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి మరీ ప్రమాదం. అమెరికాలో బాత్రూముల్లో తలుపులు వేసుకుని టబ్బుల రంగు తీస్తూ దీనివల్ల ప్రాణాలు పోయినవాళ్ళు ఉన్నారు, అక్కడ మామూలు జనానికి అమ్మడం 2019లో నిషేధించారు. అది లేని రిమూవర్ అడిగి తీసుకోండి, ఏదైనా సరే డాబా మీదో వరండాలోనో వాడండి. సన్నటి సర్జికల్ గ్లౌజులు దానికి ఆగవు, మందపాటివి కావాలి.

థిన్నర్ ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీద పాకుతూ పక్క గదిలోకి పోతుంది. మీరు వరండాలో పాలిష్ వేస్తుంటే లోపల దేవుడి దగ్గర దీపం వెలుగుతోందా, అగరొత్తులు వెలిగించారా, పొయ్యి మీద పాలు పెట్టారా, ఇవన్నీ మొదలుపెట్టే ముందే ఇంట్లోవాళ్ళకి చెప్పి ఆపించండి. మిగిలిన థిన్నర్ని నీళ్ళ సీసాలో పోసి పెట్టొద్దు. దాహమేసిన పిల్లలు ఎత్తి తాగేస్తారు, అలా తాగితే వాంతి చేయించకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ముప్పు, వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇప్పుడు గుడ్డల సంగతి, నేను కళ్ళారా చూసింది కాబట్టి గట్టిగా చెప్తున్నా. రెండేళ్ళ క్రితం మధ్యాహ్నం బల్లకి అవిసె నూనె పట్టించి, తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మెట్ల కింద అట్టపెట్టెలో పడేశాను. సాయంత్రం మాడిన వాసన వస్తోంటే వంటింట్లో ఏదో అడుగంటిందనుకున్నాం. వెతికితే ఆ ఉండలోంచే. మధ్యలో గుడ్డ నల్లబడింది, వేలు పెడితే చురుక్కుమంది, పెరట్లోకి ఈడ్చి బకెట్టు నీళ్ళు కుమ్మరించాను. అగ్గిపుల్ల ఎవరూ గీయలేదు. అవిసె నూనె ఆరేటప్పుడు గాల్లోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది, పరిచిన గుడ్డలోంచి ఆ వేడి బయటికి పోతుంది, ఉండ చుడితే లోపలే పెరిగి అంటుకుంటుంది. ఆ పెట్టె పక్కనే పాత పేపర్ల కట్ట ఉంది, మేం ఆ రాత్రి ఊరెళ్ళి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. ఒక్కో గుడ్డని విడివిడిగా బయట నేల మీద పరిచి గట్టిపడేదాకా ఆరనివ్వండి, లేదా నీళ్ళు పోసిన రేకు డబ్బాలో ముంచి మూత పెట్టండి.

వాన పట్టిన రోజు లక్క పాలిష్ (లక్కని స్పిరిట్‌లో కరిగించి చేసేది) పెట్టకండి. స్పిరిట్ ఆవిరవుతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాల్లో తేమ దాని మీద చేరి పాలిష్ పాలలా తెల్లబడుతుంది. రెండు మూడు రోజులు ఎండ కాశాక, పదకొండు గంటలప్పుడు మొదలుపెడితే బాగా వస్తుంది.

పని అయ్యాక తల స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతకండి. బీరువా అయితే తలుపులు, సొరుగులు తెరిచి గాలికి వదిలేయండి, ముక్కు దగ్గర పెట్టినా వాసన రాకపోతేనే బట్టలు సర్దండి, పసిపిల్లల బట్టలైతే ఇంకో వారం ఆగండి.