బరంపురం ప్రాంతంలో వీల్‌చైర్ పరుగు సాధన మొదలుపెట్టే విధానం

1992 నుండి 2004 వరకు పారాలింపిక్స్‌లో 11 స్వర్ణాలు గెలిచిన వేల్స్ క్రీడాకారిణి టానీ గ్రే థాంప్సన్‌ను చూసి ఈ ఆటలోకి రాదలచిన బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగువారు ఆస్పత్రి వీల్‌చైర్‌తో పందేనికి సిద్ధపడరాదు. పందెపు కుర్చీకి మూడు చక్రాలుంటాయి. వెనుక చక్రం టైరుతో కలిపి 70 సెంటీమీటర్లు మించరాదు, గేర్లు ఉండరాదు. సీటు వదులైతే బలమంతా వృథా అవుతుంది కాబట్టి, పొదుపు ఎక్కడ చేసినా ఇక్కడ మాత్రం వద్దు.

గ్లౌజు తొడిగిన పిడికిలితో రిమ్మును (వెనుక చక్రానికి బయటివైపు తోయడానికి బిగించిన వలయాన్ని) పైభాగాన కొట్టి, కిందివరకు తోసి, చేతులను వెనుకగా పైకి లేపి మళ్లీ కొట్టాలే తప్ప రిమ్మును పట్టుకోకూడదు. ట్రాక్ మలుపు రాగానే ముందు చక్రాన్ని తిప్పే మీటను చేత్తో తట్టి, మలుపు దాటాక తిరిగి తట్టాలి.

వెన్నుపాము దెబ్బతిన్నవారికి చెమట సరిగా పట్టకపోవచ్చు, ఒరుసుకున్నా నొప్పి తెలియకపోవచ్చు గనుక, గంజాం ఎండల్లో తెల్లవారుజామునే సాధన ముగించి, కూర్చునే చోట చర్మం కందిందేమో రోజూ అద్దంతో చూసుకోవాలి.